నీరు, కరెంటు, తిండి కలిపి ప్లాన్ వేయాలంటే: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది?

మూడు శాఖలు, మూడు ప్లాన్లు. సాగునీటి వాళ్ళు కొత్తగా ఇన్ని హెక్టార్లకు నీళ్ళిస్తామంటారు, విద్యుత్ వాళ్ళు వచ్చే పదేళ్ళ డిమాండ్ అంచనా వేస్తారు, వ్యవసాయం వాళ్ళు దిగుబడి టార్గెట్ పెట్టుకుంటారు. విడివిడిగా చదివితే మూడూ బాగానే ఉంటాయి. ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చదివినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది: ఒకే నదిలో ఉన్న నీళ్ళను ముగ్గురూ ఎవరి లెక్కలో వాళ్ళు వాడేసుకున్నారు, పైగా ఆ నీళ్ళు తోడటానికి కావాల్సిన కరెంటు ఎవరి లెక్కలోనూ లేదు.

ఈ జబ్బుకు మందుగా చాలా ఏళ్ళ నుంచి వినిపిస్తున్న మాట 'నెక్సస్', అంటే నీరు, ఇంధనం, తిండి ఒకదానితో ఒకటి ముడిపడ్డవని ఒప్పుకుని మూడింటినీ కలిపి చూడటం. 2011 నవంబరులో జర్మనీలోని బాన్‌లో దీని మీద పెద్ద సదస్సు జరిగింది, అప్పటి నుంచి ఊపందుకుంది. 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టినప్పుడు ఆకలి 2వ లక్ష్యం అయింది, నీరు 6వది, ఇంధనం 7వది. మళ్ళీ మూడు వేరువేరు పెట్టెలే! కలపాలని అందరూ ఒప్పుకుంటారు, ఎలా కలపాలో అడిగితే మాత్రం డజను పద్ధతులు చూపిస్తారు. 2018లో వచ్చిన ఒక సమీక్ష ఈ విషయం మీద 245 పరిశోధన వ్యాసాలను వడగట్టి చూస్తే, ఇంకొకరు మళ్ళీ చేసి చూడగలిగే నిర్దిష్టమైన పద్ధతి వాడినవి మూడో వంతుకు కూడా రాలేదు. మిగతావి ఎక్కువగా మాటలే.

కాబట్టి మీరు ప్లానింగ్ ఆఫీసులో ఉన్నా, స్వచ్ఛంద సంస్థలో ఉన్నా, థీసిస్ కోసం తల పట్టుకుని కూర్చున్నా, ఏది ఎంచుకోవాలో తేలక సతమతమవడం మీ తప్పేం కాదు. నిజంగా ఎక్కువమంది వాడుతున్న ఐదు దారులు తీసుకుని, ఏది ఎక్కడ నిలబడుతుందో ఎక్కడ కూలబడుతుందో చెప్తాను. నా పక్షపాతం ముందే ఒప్పేసుకుంటా: పెద్ద కంప్యూటర్ మోడళ్ళ మీద నాకు మోజు పోయింది. ఎందుకు పోయిందో మధ్యలో చెప్తా.

## ముందు ఏం చూసుకోవాలి

ఏ నిర్ణయం కోసం? ఇది తేలకుండా సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయకండి. 'మూడింటి మధ్య సంబంధాలు అర్థం చేసుకోవడం' అనేది నిర్ణయం కాదు. 'ఈ కొత్త డ్యామ్ కట్టాలా వద్దా', 'పంపుసెట్లకు సబ్సిడీ ఏ రూపంలో ఇవ్వాలి', 'వేసవిలో రిజర్వాయర్ నీళ్ళు ముందు ఎవరికి' లాంటివి నిర్ణయాలు.

కాలం, సరిహద్దు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. నీటి లెక్కలు నెలవారీగా, నది పరీవాహకం హద్దులతో వస్తాయి. కరెంటు లెక్క గంటగంటకీ మారుతుంది, దాని హద్దు గ్రిడ్. పంట లెక్క సీజన్ వారీగా, పాలనా విభాగాల వారీగా ఉంటుంది. ఈ మూడు మ్యాపులు ఒకదాని మీద ఒకటి పెడితే ఎక్కడా అతకవు. నేను మొదటిసారి ఇలాంటి పనిలో కూర్చున్నప్పుడు రెండు శాఖల 'సంవత్సరం' వేరువేరు నెలల్లో మొదలవుతుందని కనిపెట్టడానికే మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా గ్రాఫులో కనిపిస్తున్న తేడా అంతా కరువు అనుకున్నాం!

డేటా ఉందా, ఎవరి దగ్గర ఉంది? ఉండటం వేరు, ఇవ్వడం వేరు.

మాట చెల్లేది ఎవరిది? ప్లాన్ రాసేది ఒకరు, ధరలు, కేటాయింపులు మార్చే అధికారం ఇంకొకరిది. ఆ రెండోవాళ్ళు గదిలో లేకపోతే ఎంత మంచి పద్ధతైనా కాగితంగానే మిగిలిపోతుంది.

మీరు వెళ్ళిపోయాక ఎవరు నడుపుతారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడగండి.

ఇంకొకటి కూడా ఉంది, పద్ధతి ఏదైనా ఇది తప్పదు. ఒక చోట నొక్కితే ఇంకెక్కడ ఉబ్బుతుందో చూపించాలి. సౌదీ అరేబియా కథే తీసుకోండి. 1970ల చివర్లో అక్కడి ప్రభుత్వం గోధుమల్లో సొంత కాళ్ళ మీద నిలబడాలని సబ్సిడీలు కుమ్మరించింది, కొన్నేళ్ళలోనే ఎగుమతి చేసే స్థాయికి చేరింది. తిండి శాఖ కళ్ళతో చూస్తే గొప్ప విజయం. కానీ పండించింది మళ్ళీ ఊరని పాతకాలపు భూగర్భజలంతో. చివరికి 2008లో గోధుమ కొనుగోళ్ళు ఏటా తగ్గించుకుంటూ 2016 నాటికి ఆపేయాలని తీర్మానించారు. కథ ముగిసిందా అంటే లేదు, గోధుమ మానేసిన రైతుల్లో చాలామంది పశుగ్రాసం వేశారు, దానికి నీళ్ళు ఇంకా ఎక్కువ కావాలి, ఆ తర్వాత పచ్చిమేత మీద కూడా ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఒక పంట ఆపితే నీళ్ళు మిగులుతాయని లెక్క వేసినవాళ్ళు, ఖాళీ అయిన పొలంలో రైతు ఏం పండిస్తాడో లెక్క వేయలేదు.

## ఒకటి: శాఖల మధ్య కమిటీ, ఒక చెక్‌లిస్ట్

అన్నిటికంటే చవక. ప్రతి ప్రాజెక్టు ఫైలులో కొన్ని ప్రశ్నలు తప్పనిసరి చేస్తారు: దీనికి ఎన్ని నీళ్ళు, ఎంత కరెంటు, ఎంత సాగుభూమి పోతుంది, పక్క శాఖ సంతకం పెట్టిందా.

తీసిపారేయకండి. చిన్న ప్రాజెక్టులకు ఇంతకు మించి అక్కర్లేదు కూడా. దీని రోగం ఏమిటంటే సంతకం పెట్టడం ఫార్మాలిటీగా మారిపోతుంది, 'అభ్యంతరం లేదు' అని రాసి పంపేస్తారు, నాలుగో మీటింగుకు అధికారి బదులు ఆయన కింద పనిచేసే కుర్రాడు వస్తాడు. అంకెలు లేని చోట అభ్యంతరం చెప్పడానికి కూడా ఆధారం ఉండదు కదా. చెక్‌లిస్ట్ పెట్టుకుంటే ఒక్క నియమం కలపండి: 'అవును/కాదు' జవాబులు వద్దు, ప్రతి జవాబులోనూ ఒక అంకె ఉండాలి, తప్పుడు అంకె అయినా సరే. తప్పుడు అంకెను ఎవరో ఒకరు సరిచేస్తారు, ఖాళీ గడిని ఎవరూ పట్టించుకోరు.

## రెండు: నది పరీవాహకం మొత్తాన్ని ఒకటిగా చూడటం

పేరు సమగ్ర నీటి వనరుల నిర్వహణ. 1992లో డబ్లిన్‌లో నాలుగు సూత్రాలుగా మొదలైంది, 2002లో జొహన్నెస్‌బర్గ్ సదస్సు 2005 కల్లా దేశాలన్నీ దీని ప్లాన్లు తయారు చేసుకోవాలంది. ఇప్పటికీ 6వ లక్ష్యం కింద దీని అమలును ప్రత్యేకంగా కొలుస్తున్నారు. అంటే చట్టాలు, సంస్థలు, శిక్షణ ఇవన్నీ చాలా చోట్ల ఇప్పటికే ఉన్నాయి, మీరు సున్నా నుంచి మొదలెట్టక్కర్లేదు. అది పెద్ద లాభం.

నష్టం కూడా పేరులోనే ఉంది. అన్నీ నీటి చుట్టూ తిరుగుతాయి. విద్యుత్ శాఖవాళ్ళకు ఇది 'నీళ్ళవాళ్ళ మీటింగ్', పిలిచినా రారు, వచ్చినా ఫోన్ చూసుకుంటారు. కరెంటు గ్రిడ్‌కు పరీవాహకం హద్దులతో పనే లేదు, తిండి ఎక్కడి నుంచో దిగుమతి అవుతుంది. మీ సమస్య నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళ పంపకమే అయితే దీన్ని వదలకండి, కొత్త పేరు మోజులో పాతదాన్ని చెత్తబుట్టలో వేయకండి. సమస్య కరెంటు ధరల్లో ఉంటే మాత్రం ఇక్కడ వెతికితే దొరకదు.

## మూడు: లెక్కల పట్టిక

నాకు బాగా నచ్చిన దారి ఇదే, అందుకే ఇక్కడ కాసేపు కూర్చుంటా.

స్ప్రెడ్‌షీట్ ఒకటి తెరవండి. వరుసల్లో మీ దగ్గరున్న ప్రత్యామ్నాయాలు, నిలువు గడుల్లో నీళ్ళు, కరెంటు, భూమి, దిగుబడి, ఖర్చు. ఒక్కో దానికి హెక్టారుకో, టన్నుకో ఎంత అనే గుణకం. అంతే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ఇచ్చిన త్వరిత అంచనా విధానం స్థూలంగా ఈ కోవకే వస్తుంది. ఖతార్ ఆహార స్వావలంబన ప్రశ్న కోసం తయారైన నెక్సస్ టూల్ 2.0 కూడా ఇలాంటిదే. 'ఇంత శాతం తిండి మేమే పండించుకుంటే ఎన్ని నీళ్ళు, ఎంత ఇంధనం, ఎంత నేల కావాలి' అని అడిగితే చెప్తుంది.

ఈ మామూలు పట్టిక ఏం చేయగలదో ఒక ఉదాహరణలో చూద్దాం. డ్రిప్ పెడితే నీళ్ళూ మిగులుతాయి, కరెంటూ మిగులుతుంది అని అందరూ అంటారు కదా. నిజమేనా?

ఒక ఘనపు మీటరు, అంటే వెయ్యి లీటర్ల నీళ్ళను ఒక మీటరు పైకి ఎత్తాలంటే భౌతికశాస్త్రం ప్రకారం 0.0027 యూనిట్ల కరెంటు కావాలి. పంపు, మోటారు కలిపి సగం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే దానికి రెట్టింపు. ఒక హెక్టారుకు సీజన్ మొత్తంలో 500 మిల్లీమీటర్ల తడి పెడితే 5,000 ఘనపు మీటర్లు. డ్రిప్‌తో అది 3,500కు తగ్గిందనుకుందాం. కానీ డ్రిప్ పైపులో ఒత్తిడి కావాలి, ఫిల్టర్‌తో కలిపి ఇంకో 15 మీటర్ల ఎత్తుకు సమానం అనుకోండి. ఇప్పుడు చూడండి:

| నీళ్ళు ఎక్కడి నుంచి | మామూలు తడి (యూనిట్లు) | డ్రిప్ (యూనిట్లు) | కరెంటు పెరిగిందా, తగ్గిందా |
|---|---|---|---|
| కాలువ, వాలున పారేది | 0 | సుమారు 290 | పెరిగింది |
| 20 మీటర్ల లోతు | సుమారు 545 | సుమారు 670 | పెరిగింది |
| 100 మీటర్ల లోతు | సుమారు 2,725 | సుమారు 2,190 | తగ్గింది |

అదే డ్రిప్, అదే పంట, అదే పొలం. నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయన్న ఒక్క అంకె జవాబును తలకిందులు చేసింది. ఇది కనిపెట్టడానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. ఇదే పట్టికలో ఇంకో వరుస చేర్చి సముద్రపు నీళ్ళు శుద్ధి చేసి పారిస్తే అని అడగండి, ఘనపు మీటరుకు 3 నుంచి 4 యూనిట్లు లెక్కన ఆ 5,000 ఘనపు మీటర్లకు 15,000 నుంచి 20,000 యూనిట్లు. ధాన్యం పంటలకు ఆ ఆలోచన ఎందుకు కుదరదో ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

అయితే పట్టిక ఏం చూపించదో కూడా చెప్పాలి. మొదటిది, డ్రిప్‌లో 'మిగిలిన' 1,500 ఘనపు మీటర్లలో కొంత ఇంతకుముందు నేలలోకి ఇంకి పక్క బావిలోకో, కింది వాగులోకో చేరేది. అది నష్టం కాదు, ఇంకొకరి నీళ్ళు. రెండోది, నీళ్ళు మిగిలాయి కదా అని రైతు ఇంకో ఎకరం సాగు చేస్తే మొత్తం వాడకం పెరుగుతుంది కూడా. మనిషి ప్రవర్తన గుణకాల్లో ఉండదు. మూడోది, కాలం: సీజన్ మొత్తానికి ఎన్ని యూనిట్లో చెప్తుంది గానీ అవి అందరూ ఏసీలు వేసుకునే సాయంత్రం ఏడింటికి కావాలో, ఎండలో సోలార్ దండిగా ఉన్న మధ్యాహ్నం కావాలో చెప్పదు.

ఇదే కుటుంబంలో కొంచెం బరువైనది మ్యూసియాసెమ్, ఒక సమాజం వాడే నీళ్ళు, ఇంధనం, తిండి అన్నిటినీ ఒకే లెక్కలో పెట్టి చూసే పద్ధతి. దానితో మారిషస్, పంజాబ్, దక్షిణాఫ్రికాల మీద అధ్యయనాలు 2013లో వచ్చాయి. ఆలోచన లోతైనది, కానీ ఇంకొకరికి వివరించాలంటే ముందు మీకు బాగా ఓపిక ఉండాలి. దేశాలకు మార్కులు వేసే సూచీలు కూడా ఉన్నాయి, 21 సూచికలను కలిపి ఒక స్కోరు ఇచ్చేది ఒకటుంది. ప్రెజెంటేషన్‌లో మొదటి స్లైడుకు బాగుంటుంది. ప్లాన్ వేయడానికి దాని మీద ఆధారపడకండి, సగటు మార్కు చూసి ఏ కాలువ గేటు ఎప్పుడు తెరవాలో చెప్పలేం.

## నాలుగు: మోడళ్ళు

ఇందులో రెండు దారులు ఉన్నాయి, రెండింటి స్వభావం వేరు.

వీప్, లీప్ జంట. రెండూ స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన సాఫ్ట్‌వేర్లు, వీప్ నీళ్ళకు, లీప్ ఇంధనానికి. అభివృద్ధి చెందుతున్న చాలా దేశాల్లోని ప్రభుత్వ, విద్యా సంస్థలకు, లాభాపేక్ష లేని సంస్థలకు లైసెన్స్ ఉచితం. రెండింటినీ కలిపి నడపొచ్చు: వీప్ లెక్క కట్టిన జలవిద్యుత్ లీప్‌లోకి వెళ్తుంది, లీప్ చెప్పిన థర్మల్ కేంద్రాల కూలింగ్ నీళ్ళ అవసరం వీప్‌లోకి వస్తుంది, రెండు లెక్కలూ కుదిరేదాకా అటూ ఇటూ తిప్పుతారు. వీప్‌లో ప్రతి నీటి వాడకానికీ 1 నుంచి 99 దాకా ప్రాధాన్యం అంకె ఇవ్వాలి. తాగునీటికి 1, పరిశ్రమకు ఎంత, వరికి ఎంత? ఆ చిన్న గడి దగ్గర కర్సర్ ఆగినప్పుడు గదిలో జరిగే గొడవ చూడాలి, నా లెక్కలో ఆ గొడవే మోడల్ చేసే అసలు మేలు. అప్పటిదాకా ఎవరూ నోరు తెరిచి చెప్పని సంగతి అంకెగా రాయాల్సి వస్తుంది.

దీని బలం 'ఇలా చేస్తే ఏమవుతుంది' అనే ప్రశ్నలకు. కరువు నెలల్లో ఎవరికి ఎంత కోత పడుతుందో కళ్ళకు కట్టినట్టు చూపిస్తుంది. తిండి వైపు మాత్రం పల్చగా ఉంటుంది, పంటకు ఎన్ని నీళ్ళు కావాలో, దిగుబడి ఎంత పడుతుందో చెప్తుంది గానీ మార్కెట్, ధర, దిగుమతులు దాని పరిధి కాదు.

క్లూస్. వాతావరణం, భూమి, ఇంధనం, నీరు నాలుగూ కలిపి చూసే చట్రం. దీన్ని ఎక్కువగా ఓసెమోసిస్ అనే ఓపెన్ సోర్స్ మోడల్ మీద నడుపుతారు. ఇది 'ఏమవుతుంది' అని కాక 'తక్కువ ఖర్చులో ఏది కట్టాలి' అని వెతుకుతుంది. పేరు తెచ్చిన ఉదాహరణ మారిషస్. అక్కడ చెరకును చక్కెరకు బదులు ఇథనాల్‌కు మళ్ళిస్తే పెట్రోల్ దిగుమతి తగ్గుతుంది, కాలుష్యమూ తగ్గుతుంది అని ఇంధనం వైపు నుంచి చూస్తే కనబడింది. 2013లో వచ్చిన అధ్యయనం నాలుగింటినీ కలిపి చూసింది. వానలు తగ్గితే చెరకుకు తడి పెట్టాలి, తడికి నీళ్ళు తోడాలి, తోడటానికి కరెంటు కావాలి, ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే వచ్చిన లాభం కరిగిపోతుంది. ఇంధన శాఖ ఒక్కటే కూర్చుని ఎంత లెక్కేసినా ఈ గొలుసు కనిపించేది కాదు.

కానీ జాగ్రత్త, క్లూస్ దృష్టిలో దేశమంతా ఒకే బుర్రతో ఆలోచిస్తుంది. అందరి ఖర్చూ కలిపి కనిష్ఠం చేస్తుంది, ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతుందో దానికి పట్టదు. పైగా నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక మోజు ఎందుకు పోయిందో చెప్తానన్నాను కదా. ఒక పనిలో మేం దాదాపు ఏడాది కూర్చుని మోడల్ కట్టాం, రంగురంగుల ఫలితాలు వచ్చాయి. చివరి సమావేశంలో ఒక పెద్దాయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "బోర్ల లోతు ఎక్కడి నుంచి తీసుకున్నారు?" పాత సర్వే నుంచి, దేశమంతటికీ ఒకే సగటు. పైన చూపించిన పట్టికలో 20 మీటర్లకూ 100 మీటర్లకూ ఎంత తేడా ఉందో చూశారు కదా! మా మోడల్‌లో వందల సమీకరణాలు ఉన్నాయి, అవన్నీ ఆ ఒక్క చెత్త అంకె మీద నిలబడ్డాయి. ముందు పట్టికను పట్టించుకుని ఉంటే ఏ అంకె మీద జవాబు ఆధారపడుతుందో మొదటి వారంలోనే తెలిసేది, మిగతా ఏడాదిలో ఆ అంకె కోసం తిరిగేవాళ్ళం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, మేం వేసింది అదే, పిచ్చుక కూడా తప్పించుకుంది.

## ఐదు: అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం

లెక్కలతో తేలని తగాదాలు కొన్ని ఉంటాయి. మధ్య ఆసియాలోని సిర్ దర్యా నది చూడండి. ఎగువన కిర్గిజ్‌స్థాన్‌లో టోక్టోగుల్ డ్యామ్, కట్టినప్పుడు 1,200 మెగావాట్లు. వాళ్ళకు చలికాలంలో వెచ్చదనానికి కరెంటు కావాలి, కాబట్టి నీళ్ళు అప్పుడు వదులుతారు. దిగువన ఉజ్బెకిస్థాన్, కజకిస్థాన్‌లకు వేసవిలో పొలాలకు నీళ్ళు కావాలి. సోవియట్ రోజుల్లో లెక్క సులువు: వేసవిలో మీరు నీళ్ళు వదలండి, చలికాలంలో మేం బొగ్గు, గ్యాస్ పంపుతాం. 1991లో దేశాలు విడిపోయాక గ్యాస్‌కు ధర వచ్చింది, నీళ్ళకు రాలేదు. 1998లో ఒక ఒప్పందం చేసుకున్నారు, సరిగ్గా నిలబడలేదు.

ఇక్కడ ఎవరికీ లెక్క తెలియక కాదు. ఎవరు ఎవరికి ఏం ఇవ్వాలనేదే గొడవ. ఇలాంటి చోట ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం తయారు చేసిన ఆరు దశల పద్ధతి వాడారు. ముందు స్థితిగతులు, ముఖ్యమైన రంగాలు, మనుషులు ఎవరో చూసి, తర్వాత అన్ని రంగాలవాళ్ళనూ ఒకే గదిలో పెట్టి ఎవరి చర్య ఎవరికి తగులుతోందో వాళ్ళ చేతే గీయించి, చివర్లో పరిష్కారాలు, వాటి లాభాలు రాయిస్తారు. సిర్ దర్యాతో పాటు సావా నది, అలజానీ నదుల మీద చేసిన మొదటి అధ్యయనాలు 2015లో వచ్చాయి.

గొప్పతనం ఏమిటంటే నీళ్ళ గొడవకు నీళ్ళ బయట కూడా పరిష్కారం దొరకొచ్చు, ఉదాహరణకు ఇళ్ళలో కరెంటు వృథా తగ్గిస్తే చలికాలంలో డ్యామ్ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇబ్బంది ఏమిటంటే గట్టిగా మాట్లాడేవాడిదే పైచేయి, గదికి రానివాళ్ళు, ముఖ్యంగా చిన్న కమతాల రైతులు, పశువుల కాపరులు, చేపలు పట్టేవాళ్ళు లెక్కలోకే రారు. నడిపే మనిషి సమర్థుడు కాకపోతే రెండు రోజులు టీ తాగి లేచి వెళ్ళిపోతారు.

## పక్కపక్కన పెడితే

| దారి | పట్టే సమయం | డేటా అవసరం | దేనికి బాగుంటుంది | ఎక్కడ కూలుతుంది |
|---|---|---|---|---|
| కమిటీ, చెక్‌లిస్ట్ | రోజులు | చాలా తక్కువ | చిన్న ప్రాజెక్టుల వడపోత | సంతకాల తంతుగా మారితే |
| పరీవాహక నిర్వహణ | ఏళ్ళు, కానీ వ్యవస్థ ఇప్పటికే ఉండొచ్చు | నీళ్ళ డేటా బాగా కావాలి | నీళ్ళ పంపకం | సమస్య కరెంటు ధరల్లోనో దిగుమతుల్లోనో ఉంటే |
| లెక్కల పట్టిక | వారాలు | మధ్యస్థం | ప్రత్యామ్నాయాలు పోల్చడం, కీలకమైన అంకె పట్టుకోవడం | గంటలు, నెలల తేడా ముఖ్యమైతే, మనుషుల తీరు మారితే |
| వీప్, లీప్ | నెలల నుంచి ఏడాది | ఎక్కువ | కరువు నెలలు, డ్యామ్ నిర్వహణ | మార్కెట్, తిండి ధరలు |
| క్లూస్ | నెలల నుంచి ఏడాది | ఎక్కువ | దేశస్థాయి దీర్ఘకాల పెట్టుబడులు | ఎవరికి నష్టం అన్న ప్రశ్న |
| సంభాషణ పద్ధతి | నెలలు | తక్కువ, కానీ మనుషులు కావాలి | పంచుకునే తగాదాలు, సరిహద్దు నదులు | నమ్మకం లేని చోట, నడిపేవాడు బలహీనుడైతే |

సమయాలు నా అనుభవంలోంచి వచ్చిన అంచనాలు, మీ జట్టును బట్టి మారతాయి.

## మరి మీరు ఎవరు?

ప్లానింగ్ ఆఫీసులో ఉండి మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలంటే పట్టిక వేయండి, దానితో పాటు ఒక చిన్న సంభాషణ పెట్టండి. మోడల్ జోలికి పోకండి, మూడు నెలల్లో డేటా కోసం రాసిన ఉత్తరాలకు జవాబులే రావు. పట్టికలో ప్రతి అంకెనూ సగానికి తగ్గించి, రెట్టింపు చేసి చూడండి, దేనివల్ల మీ సిఫారసు మారిపోతోందో ఆ అంకె కింద ఎర్రగీత పెట్టి పై అధికారికి చూపించండి.

రిజర్వాయర్ లేదా జలవిద్యుత్ మీ చేతిలో ఉంటే వీప్, లీప్. మీ జవాబు నెలను బట్టి మారుతుంది, సగటు సంవత్సరం లెక్క మీకు అబద్ధం చెప్తుంది. పట్టికను మాత్రం దాటేయకండి, మొదటి రెండు వారాలు దానికే ఇవ్వండి.

దేశానికో రాష్ట్రానికో ఇరవై ముప్పై ఏళ్ళ పెట్టుబడుల ప్లాన్ రాస్తుంటే క్లూస్ లాంటిది తప్పదు, ఎందుకంటే ఈరోజు కట్టిన థర్మల్ కేంద్రం, డ్యామ్ ఎప్పటికో గానీ పోవు. కానీ ఫలితం వచ్చాక పక్కనే ఒక కాగితం పెట్టుకుని, ఖర్చు ఎవరు భరిస్తారు, లాభం ఎవరికి చేరుతుంది అని చేత్తో రాయండి. అది మోడల్ రాసి ఇవ్వదు.

స్వచ్ఛంద సంస్థ, గ్రామస్థాయి పని అయితే సంభాషణతో మొదలెట్టి, అందులో తేలిన ఒక్క ప్రశ్నకే పట్టిక వేయండి. సోలార్ పంపులు ఇస్తున్నారనుకోండి. కరెంటు బిల్లు లేదు, డీజిల్ ఖర్చు లేదు, పంపు ఆపడానికి రైతుకు కారణమూ లేదు. భూగర్భజలం కిందికి పోతే ఎవరు ఆపాలి, మిగిలిన కరెంటు గ్రిడ్‌కు అమ్ముకునే వీలుందా అనేవి పంపులు దిగకముందే మాట్లాడుకోవాల్సిన విషయాలు.

థీసిస్ రాస్తుంటే మీ గైడుకు నచ్చే మోడల్ ఏదైనా తీసుకోండి, కానీ ఆ 245 వ్యాసాల సమీక్షలో తేలిన ఇంకో సంగతి గుర్తుంచుకోండి: దాదాపు నాలుగింట మూడొంతులు అంకెల పద్ధతుల వైపే మొగ్గాయి, సామాజిక శాస్త్ర పద్ధతులు వాడినవి నాలుగో వంతు దగ్గరే ఆగిపోయాయి. ఖాళీ ఉన్నది అక్కడ. పది మంది రైతులతో, ఇద్దరు లైన్‌మెన్‌తో మాట్లాడి రాసిన ఒక్క అధ్యాయం ఇంకో సిమ్యులేషన్ కంటే కొత్తగా ఉంటుంది.

సరిహద్దు నది, రెండు ప్రభుత్వాలు, పాత పగలు ఉంటే ఐదోదే. మోడల్ కావాలంటే ఇద్దరూ కలిసి కట్టాలి. ఒకరు కట్టి తెచ్చిన మోడల్‌ను ఇంకొకరు నమ్మరు, నమ్మకపోవడంలో తప్పు కూడా లేదు.

ఇవి ఒకదానికొకటి పోటీ అనుకోకండి. పట్టిక, సంభాషణ కలిపితే చాలావరకు పని అయిపోతుంది, మోడల్ ఆ తర్వాత అవసరమైతేనే. ఏది ఎంచుకున్నా ఫైలును ఎవరో ఒకరి పర్సనల్ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఉంచకండి. మేం ఏడాది కష్టపడి కట్టిన ఆ మోడల్ సంగతి అదే, దాన్ని నడిపే అబ్బాయి ఉద్యోగం మారాడు, పాస్‌వర్డ్ అతనితోనే పోయింది. ఆ ఆఫీసులో ఇప్పటికీ వాడుతున్నది మొదటి వారంలో ఎవరో కాలక్షేపానికి వేసిన ఒక పేజీ స్ప్రెడ్‌షీట్.